అందరూ తల ఊపారు, పని మాత్రం కదలలేదు

ప్రశ్న: పన్నెండేళ్లు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేసి, రెండేళ్ల క్రితం బయటికి వచ్చి సొంతంగా కన్సల్టెంట్‌గా నిలదొక్కుకుంటున్నాను. కర్మాగారాల్లో ఉత్పత్తి ప్రణాళిక, సరుకు నిల్వల సాఫ్ట్‌వేర్ పెట్టించడం నా పని. ప్రస్తుతం ఇద్దరు క్లయింట్లు ఉన్నారు. ఒకరు జపాన్‌లో నగోయా దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేస్తారు, మరొకరు జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర యంత్రాలు తయారుచేస్తారు. నగోయాలో రెండు గంటలసేపు అరవై స్లయిడ్లతో నా ప్రతిపాదన వివరించాను. అందరూ తల ఊపారు, కృతజ్ఞతలు చెప్పారు. రెండు నెలలైంది, "పరిశీలిస్తున్నాం" అన్న జవాబు తప్ప మరేమీ రాలేదు. స్టుట్‌గార్ట్‌లో నాకంటే చాలా చిన్నవాడైన ఇంజనీరు పదిమంది ముందు "మూడో పేజీలో లెక్క తప్పు" అనేశాడు. ఆ రాత్రి హోటల్ గదిలో ఏడ్చాను. ఆ తర్వాత అంతా సిద్ధమయ్యాక, ఉద్యోగుల మండలి ఒప్పుకోవాలంటూ పని ఆపేశారు. నేను ఈ వృత్తికి తగనేమో అనిపిస్తోంది. వాళ్ల భాషలు నేర్చుకోవాలా? లేక అలవాటైన అమెరికా క్లయింట్లకే పరిమితం కావాలా?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీరు ఈ వృత్తికి తగినవారే. ఓదార్చడానికి అంటున్న మాట కాదిది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ప్రతిపాదన పనికిరాదని రెండు చోట్లా ఎవరూ అనలేదు. ఒకచోట జవాబు ఇంకా తయారుకాలేదు, మరోచోట ఒక లెక్క సరిచేయమన్నారు, చట్టప్రకారం అడగాల్సిన వాళ్లను అడగమన్నారు. మీ పని బాగానే ఉంది. నిర్ణయం ఎక్కడ జరుగుతుందన్న దగ్గర మాత్రం మీ అంచనా తప్పింది.

హైదరాబాద్‌లో అమెరికా ప్రాజెక్టులు చేసినవాళ్లకు ఒక లెక్క అలవాటైపోతుంది. మీటింగ్‌లో పైస్థాయి వ్యక్తిని ఒప్పిస్తే చాలు, మర్నాటికి పని మొదలవుతుంది. అది ఒక పద్ధతి, అంతే. ప్రపంచమంతా అలా నడవదు. పరాయి దేశంలో అడుగుపెట్టిన కన్సల్టెంట్ మొట్టమొదట తెలుసుకోవలసినవి రెండు: ఇక్కడ నిర్ణయం ఎక్కడ పుడుతుంది, ఇక్కడ "కాదు" అన్న మాట ఎవరు, ఎప్పుడు, ఎలా చెబుతారు. వంగి నమస్కరించడం, కరచాలనం చేయడం లాంటివి ఒక పూటలో వచ్చేస్తాయి. ఈ రెండూ మాత్రం అడిగి, గమనించి తెలుసుకోవలసిందే.

ముందు నగోయా సంగతి చూద్దాం. జపాన్‌లో పాతకాలపు పెద్ద కంపెనీల్లో ప్రతిపాదన సాధారణంగా మధ్యస్థాయి ఉద్యోగి బల్ల మీద పుడుతుంది. అతను దాన్ని ఒక పత్రంగా రాస్తాడు. ఆ పత్రం ఉత్పత్తి, నాణ్యత, కొనుగోళ్లు, ఖాతాలు, కంప్యూటర్ విభాగం అంటూ ఒక్కొక్క చోటికీ తిరుగుతుంది. ప్రతిచోటా ఒక గడి ఉంటుంది, ఆ గడిలో ఎర్ర సిరాతో చిన్న గుండ్రటి ముద్ర పడుతుంది. అన్ని గడులూ నిండాకే పై అధికారి ముద్ర. ఈ పద్ధతిని రింగి అంటారు. ప్రభుత్వ కార్యాలయాల్లో ముద్రల వాడకాన్ని చాలావరకు తీసేయాలని 2020లో జపాన్ ప్రభుత్వం పూనుకుంది. చాలా కంపెనీల్లో ఇప్పుడు ఆ పత్రం కంప్యూటర్‌లోనే తిరుగుతోంది. కాగితం మారినా నడక అదే. పత్రం బయలుదేరకముందే దాన్ని రాసిన మనిషి ఒక్కొక్క విభాగానికీ విడివిడిగా వెళ్లి, అభ్యంతరాలు విని, ప్రతిపాదనను సవరించుకుని వస్తాడు. అందరూ కూర్చునే సమావేశం దాదాపు చివరి అంకం. మన ఇళ్లలో లగ్నపత్రిక రాసుకునే రోజున ఎవరూ కొత్త అభ్యంతరం లేవనెత్తరు కదా, అలాంటి మాటలన్నీ అంతకుముందే పెద్దల మధ్య తేలిపోయి ఉంటాయి. మీరు సరాసరి లగ్నపత్రిక రోజున వెళ్లి అరవై స్లయిడ్లతో సంబంధం గురించి మొదటిసారి మాట్లాడారు. వాళ్లు మర్యాదగా విన్నారు. తల ఊపడమంటే వింటున్నామని చెప్పడమే, ఒప్పుకున్నామని కాదు. "పరిశీలిస్తున్నాం" అన్నది కొన్నిసార్లు మెత్తని తిరస్కారం కావచ్చు, కొన్నిసార్లు నిజంగానే పత్రం ఏదో ఒక విభాగంలో ఆగి ఉండవచ్చు. ఏది నిజమో ఈమెయిల్‌తో తేలదు. లోపలి మనిషి చెప్పాలి.

ఆ లోపలి మనిషి ఎంత ముఖ్యమో చెప్పడానికి మన వృత్తిలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. డబ్ల్యు. ఎడ్వర్డ్స్ డెమింగ్ అమెరికా గణాంకవేత్త. యుద్ధంలో ఓడి చితికిపోయిన జపాన్‌కు 1950లో వెళ్లి, నాణ్యత నియంత్రణ మీద ఉపన్యాసాలిచ్చారు. ఆయన పేరిట 1951లో మొదలైన బహుమతిని ఇప్పటికీ ఇస్తున్నారు. చెన్నైకి చెందిన సుందరం క్లేటన్ 1998లో దాన్ని అందుకుంది. ఈ కథను చాలామంది ఒక అమెరికన్ వెళ్లి జపాన్‌కు పాఠం చెప్పాడన్నట్టుగా చెబుతారు. నాకు అది సగం కథగానే కనిపిస్తుంది. ఆయన్ని పిలిచింది జపాన్ శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల సంఘం. ఆ సంఘంలోని వాళ్లు అప్పటికే గణాంక పద్ధతుల్ని చదువుతున్నారు. ఇంజనీర్లు ఎంత నేర్చుకున్నా కంపెనీల అధిపతులకు పట్టకపోతే ప్రయోజనం లేదన్నది డెమింగ్ పట్టుదల. ఆ సంఘం అధ్యక్షుడు ఇచిరో ఇషికావా దేశంలోని పరిశ్రమాధిపతుల సమాఖ్యకు కూడా పెద్ద. ఆయన కబురు పెడితే కంపెనీల అధిపతులు వచ్చి కూర్చుని విన్నారు. విషయం డెమింగ్‌ది, దారి వేసింది ఇషికావా. తన ఉపన్యాసాల ముద్రిత ప్రతుల మీద వచ్చిన సొమ్మును కూడా డెమింగ్ ఆ సంఘానికే వదిలేశారు, బహుమతికి మూలధనం అదే. పరాయి నేల మీద కన్సల్టెంట్ సాధించిన విజయాల్లో ఇంతకంటే పెద్దది నాకు తెలియదు. అందులో సగం వాటా ఆతిథేయులదే.

కాబట్టి నగోయాలో మీ ప్రతిపాదనను భుజాన వేసుకుని తిరిగే మనిషి ఎవరో చూడండి. మీటింగ్‌కు పిలిచినవారు, గదిలో ఎక్కువగా రాసుకున్నవారు, తర్వాత చిన్న సందేహం అడుగుతూ ఈమెయిల్ పెట్టినవారు, వీళ్లలో ఎవరో ఒకరై ఉంటారు. బహుశా విభాగంలో చిన్న అధికారి. ఆయనకు ఉత్తరం రాసి "నిర్ణయం ఎప్పుడు?" అని అడగకండి. ఆ ప్రశ్న ఆయన్ని ఇరుకున పెడుతుంది, తనకు తెలియని తేదీ చెప్పలేడు. "మీరు లోపల వివరించడానికి నేను తయారుచేయగల కాగితాలేమైనా ఉన్నాయా? ఏ విభాగంవారికి ఏ సందేహాలు ఉన్నాయి?" అని అడగండి. ఆ జవాబులోనే మీకు కావలసిందంతా ఉంటుంది. ఖాతాల విభాగానికి ఖర్చు మీద అనుమానమా, నాణ్యత విభాగానికి పాత సమాచారం పోతుందని భయమా, అప్పుడు బయటపడుతుంది.

అరవై స్లయిడ్లను పక్కన పెట్టండి. టొయోటాకూ దానికి విడిభాగాలు అందించే కంపెనీలకూ అలవాటైన ఒక కాగితం ఉంది, ఏ3 కాగితం, మన ఏ4కు రెట్టింపు. సమస్య, ఇప్పటి పరిస్థితి, కారణాలు, చేయదలచినది, ఎవరు ఎప్పటికి చేస్తారు, ఫలితాన్ని ఎలా కొలుస్తారు, ఇదంతా ఆ ఒక్క కాగితం మీద పట్టాలి. నగోయా ఉన్న అయిచి ప్రాంతమే టొయోటా పుట్టిల్లు, అక్కడి కర్మాగారాల్లో ఈ రూపం చూడగానే ఇంజనీర్లు చదవడం మొదలుపెడతారు. మీ లోపలి మనిషి దాన్ని చేత్తో పట్టుకుని నాలుగు విభాగాలు తిరగగలడు. జపనీస్‌లో రాయించండి, ఆ ఖర్చు దండగ కాదు.

ఇంకొకటి. మీరు కర్మాగారం లోపల ఎంతసేపు గడిపారో ఉత్తరంలో రాయలేదు. టొయోటా ఉత్పత్తి విధానానికి రూపమిచ్చిన తాయిచి ఓనో, ఇంజనీర్లను కర్మాగారం నేల మీద సుద్దతో గీసిన వలయంలో గంటలకొద్దీ నిలబెట్టి, ఏం కనిపిస్తోందో చూడమనేవారని చెబుతారు. ఆ సంప్రదాయంలో పెరిగినవాళ్లకు, యంత్రాల మధ్య నిలబడకుండా సలహా ఇచ్చే మనిషి మీద గురి కుదరదు. ఈసారి వెళ్లినప్పుడు మొదటి రోజంతా కింద గడపండి. బూట్లు, టోపీ వాళ్లే ఇస్తారు. సరుకు బుట్టలకు వేలాడే చీటీలు ఎక్కడ ఆగిపోతున్నాయో, షిఫ్టు మారేటప్పుడు ఎవరు ఎవరికి ఏం చెప్పుకుంటున్నారో చూడండి. సాయంత్రం మీరు అడిగే రెండు ప్రశ్నలు మీ అరవై స్లయిడ్లకన్నా ఎక్కువ నమ్మకం తెస్తాయి.

దుబాసీ ఉంటే మాట్లాడే సమయం సగానికి తగ్గిపోతుందని ముందే లెక్క వేసుకోండి. కాగితాలను మూడు నాలుగు రోజుల ముందు ఆ మనిషికి అందజేయండి. ఒక వాక్యం, ఒక విషయం, ఆగడం. ప్రశ్న అడిగాక గది నిశ్శబ్దంగా ఉంటే మీరు మళ్లీ మాట్లాడి నింపేయకండి. మనకు నాలుగు క్షణాల మౌనం భరించలేనంత పొడవుగా ఉంటుంది, అక్కడ అది ఆలోచించే సమయం. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇచ్చి పుచ్చుకోవడం, అందుకున్నదాన్ని జేబులో కుక్కకుండా బల్ల మీద ఎదురుగా పెట్టుకోవడం, అతిథిని తలుపుకు దూరంగా కూర్చోబెట్టడం లాంటివి మీరు చూసే ఉంటారు. పేరుకు ‘గారు’ చేర్చి పెరిగినవాళ్లకు ఇవేమీ కష్టం కాదు.

ఇక స్టుట్‌గార్ట్. ముందు ఒక్క మాట అడుగుతాను: మూడో పేజీలో లెక్క నిజంగానే తప్పా? ఉత్తరంలో మీరు అది చెప్పలేదు. ఆ ఇంజనీరు దృష్టిలో మాత్రం ముఖ్యమైన ప్రశ్న అదొక్కటే. జర్మనీలో ఇంజనీర్ల మధ్య, తప్పు కనిపించినప్పుడు అక్కడికక్కడే చెప్పడం పనిని గౌరవించడం కిందే లెక్క. చెప్పకుండా దాచి, తర్వాత యంత్రం ఆగిపోతే అది ద్రోహం కింద చూస్తారు. మన దగ్గర పెద్దల ముందు, పదిమందిలో ఒకరి లెక్క తప్పంటే ఆ మనిషినే తప్పన్నట్టు. మీ కన్నీళ్లు నాకు పూర్తిగా అర్థమవుతాయి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ యువకుడు మీ కాగితాన్ని మూడో పేజీ దాకా శ్రద్ధగా చదివాడు, అంకెలు తన చేత్తో మళ్లీ వేసి చూశాడు. అలాంటి పాఠకుడు దొరకడం మీ అదృష్టం. ఆయన చెప్పింది సరైతే, సవరించిన పేజీని ఆయనకే ముందు పంపండి, ఏం మార్చారో రెండు వాక్యాల్లో రాయండి. క్షమాపణలు పేరాలకొద్దీ వద్దు. ఆయన చెప్పింది తప్పైతే, అంతే సూటిగా కారణం చూపించి చెప్పండి. దానికి ఆయన నొచ్చుకునే అవకాశం చాలా తక్కువ.

ఆ తేడా అంకెల రాతలోనే ఉందేమో కూడా చూడండి. ఇది నేను ఊరికే అనడం లేదు. జర్మనీలో 1.500 అని రాస్తే పదిహేను వందలు, 1,5 అని రాస్తే ఒకటిన్నర. మనం చుక్కను దశాంశంగా చదువుతాం, కామాను వేలకు వాడతాం. స్ప్రెడ్‌షీట్ ఒక దేశపు అమరికలో తయారై మరో దేశంలో తెరుచుకుంటే నిల్వల అంచనా వెయ్యి రెట్లు మారిపోగలదు. జపాన్‌లో మరో చిక్కు ఉంది, పెద్ద అంకెల్ని పదివేలు, పదికోట్ల లెక్కన చెప్పుకుంటారు. మనం లక్షలు, కోట్లలో ఆలోచిస్తాం, ఇంగ్లిష్‌లో మిలియన్లలో మాట్లాడతాం. మూడు లెక్కలు ఒకే గదిలో కలిస్తే దుబాసీ కూడా తడబడతారు. బడ్జెట్ అంకెను నోటితో చెప్పి వదిలేయకుండా సున్నాలన్నీ వేసి బోర్డు మీద రాయండి. తేదీల్లో నెల పేరు అక్షరాల్లో రాయండి.

ఉద్యోగుల మండలి విషయానికి వస్తే, దాన్ని దయచేసి సంస్కృతి ఖాతాలో వేయకండి. అది చట్టం. జర్మనీలో ఐదుగురు, అంతకుమించి శాశ్వత ఉద్యోగులున్న చోట బెట్రీబ్స్‌రాట్ అనే మండలిని ఉద్యోగులు ఎన్నుకోవచ్చు. 1972 నాటి చట్టంలో 87వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగుల ప్రవర్తననో పనితీరునో పర్యవేక్షించే సాంకేతిక సాధనాలు పెట్టాలంటే ఆ మండలి సమ్మతి ఉండాలి. పర్యవేక్షించే ఉద్దేశం యాజమాన్యానికి లేకపోయినా, ఆ సాధనంతో అలా చేయగల వీలుంటే చాలు, సెక్షన్ వర్తిస్తుందని అక్కడి కార్మిక న్యాయస్థానాలు తేల్చాయి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఆపరేటర్ ఎన్ని గంటలకు ఏ పని ముగించాడో నమోదవుతుంది కదా? అయితే అది నేరుగా ఆ సెక్షన్ కిందికి వస్తుంది. ఈ సంగతి క్లయింట్ మీకు మొదటి వారంలోనే చెప్పి ఉండవలసింది, చెప్పకపోవడం వాళ్ల లోపం. ఇకమీదట జర్మనీలో ఏ పని ఒప్పుకున్నా అక్కడ మండలి ఉందా అని మొదటి ఫోన్‌లోనే అడగండి.

ఇప్పుడు చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. సాఫ్ట్‌వేర్ ఏ వివరాలు నమోదు చేస్తుంది, పేర్లతో సహా ఎవరికి కనిపిస్తాయి, ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి, జీతాలూ పదోన్నతులూ నిర్ణయించడానికి వాడతారా వాడరా, ఇవి రెండు పేజీల్లో రాయండి. ఆపరేటర్ పేరు బదులు యంత్రం సంఖ్యతో నివేదిక వచ్చే అమరిక ఉంటే అదే మొదట చూపించండి. మండలి సభ్యులు కర్మాగారంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు, మీ ప్రణాళికలో ఏది నడుస్తుందో ఏది నడవదో వాళ్లకు తెలుసు. వాళ్లను అడ్డంకిగా చూసే కన్సల్టెంట్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. పనిచేసే మనిషి మీద నిఘా పెట్టే యంత్రం గురించి ఆ మనిషిని అడగడం కన్నా న్యాయమైనది ఏముంది?

వాళ్ల గురించి ఇంత చెప్పాను, మన గురించి కూడా చెప్పుకోవాలి. మనలో చాలామందికి ఎదుటివారి ముఖం మీద కాదనడం చేతకాదు. "శుక్రవారానికి అయిపోతుందా?" అంటే, కాదని తెలిసీ "చూద్దామండి, ప్రయత్నిస్తాం" అంటాం. మన మధ్య ఆ జవాబు విన్నవాళ్లకు అసలు సంగతి తెలిసిపోతుంది. స్టుట్‌గార్ట్‌లో అది మీటింగ్ రాతల్లో మీ పేరు ఎదురుగా శుక్రవారం తేదీతో చేరిపోతుంది. ఆ రాతలు అందరికీ వెళతాయి. శుక్రవారం రాగానే అడుగుతారు. "శుక్రవారానికి మొదటి భాగం ఇస్తాను, రెండోది మరుసటి బుధవారం" అని ముందే చెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నగోయా కంపెనీ కూడా ఆలస్యాన్ని క్షమిస్తుంది గానీ, చివరి రోజున చెప్పే ఆలస్యాన్ని క్షమించదు. చెడువార్త చిన్నగా ఉన్నప్పుడే చేరవేయడం రెండు చోట్లా పనికొచ్చే అలవాటు. పక్కకు తల ఊపే మన అలవాటును కూడా గమనించుకోండి. మన "అవును" చాలామంది విదేశీయులకు "కాదు"లాగా కనిపిస్తుంది.

ఇంతా చదివి జపాన్‌వాళ్లు ఇలాంటివారు, జర్మన్లు అలాంటివారు అని రెండు పెట్టెలు కట్టుకోకండి. దేశాల సంస్కృతుల్ని అంకెల్లో కొలిచే ప్రయత్నాల్లో పేరుపొందినది నెదర్లాండ్స్‌కు చెందిన సామాజిక మనస్తత్వవేత్త గీర్ట్ హోఫ్‌స్టెడ్‌ది. 1967 నుంచి 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన జవాబులు దానికి ఆధారం. ఆ అంకెలు దేశాల సగటులే తప్ప, ఎదుట కూర్చున్న మనిషిని వాటితో అంచనా వేయకూడదని ఆయనే హెచ్చరించారు. నగోయా కంపెనీలో అమెరికాలో చదివొచ్చిన యువతి మీకంటే సూటిగా మాట్లాడవచ్చు. స్టుట్‌గార్ట్ కంపెనీలో సగం మంది టర్కీ, ఇటలీ మూలాలున్నవారు కావచ్చు. కర్నూలు మనిషినీ కాకినాడ మనిషినీ ఒకే మూసలో పోస్తే మనం ఊరుకోము కదా. ఒక్కొక్కసారి అమర్యాద నిజంగా అమర్యాదే అవుతుంది. మీరు మహిళ అయినందుకో, భారతీయురాలు అయినందుకో ఎవరైనా చులకనగా మాట్లాడితే దాన్ని సంస్కృతి పేరుతో సర్దుకుపోవద్దు. పిలిచిన అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. జపాన్‌లో మీ సహాయకుడు మగవాడైతే ప్రశ్నలు అతనివైపు వెళ్లడం జరుగుతుంది. మీ పేరు, అనుభవం, బాధ్యత రాసిన పరిచయ పత్రాన్ని ముందుగానే ఆతిథేయుల చేత అందరికీ పంపించండి. గదిలో ప్రధాన స్థానంలో మీరే కూర్చోండి. ప్రశ్న సహాయకుడికి వస్తే అతను మీవైపు చూపించేలా ముందే అనుకోండి.

భాష గురించి అడిగారు. చర్చలు జరిపేంత జపనీస్‌కు ఏళ్లు పడుతుంది, ఆ పని దుబాసీకి వదలండి. పలకరింపులు, అంకెలు, వారాల పేర్లు, కర్మాగారంలో గోడల మీద రాసే పది పదిహేను మాటలు మాత్రం నేర్చుకోండి. జర్మన్ విషయంలో నా అభిప్రాయం వేరు. ఆ క్లయింట్ మరో రెండేళ్లు ఉండేలా ఉంటే శ్రద్ధగా మొదలుపెట్టండి. పెద్ద అధికారులు ఇంగ్లిష్ మాట్లాడతారు గానీ, యంత్రాల దగ్గరివాళ్లు, మండలివాళ్లు జర్మన్‌లోనే మనసు విప్పుతారు. హైదరాబాద్‌లో గోథే కేంద్రం తరగతులు ఉన్నాయి.

అమెరికాకే పరిమితం కావాలా అంటే, వద్దనే అంటాను. హైదరాబాద్ గడియారం మీకు ఇచ్చిన వరాన్ని వదులుకోకండి. నగోయా మనకంటే మూడున్నర గంటలు ముందు, స్టుట్‌గార్ట్ వేసవిలో మూడున్నర, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. పొద్దున జపాన్, మధ్యాహ్నం జర్మనీ, రాత్రి మీ ఇల్లు మీది. అమెరికా పనుల్లో పన్నెండేళ్లు నిద్ర పాడుచేసుకున్న మనిషికి నేను ఇది వివరించనక్కర్లేదు.

ఇక ఫీజు. మీ ఒప్పందాల్లో సంప్రదింపులకు విడిగా సమయం, విడిగా రుసుము ఉన్నాయా? లేకపోతే చేర్చండి. నగోయాలో విభాగాలన్నీ తిరిగే నెలలూ, స్టుట్‌గార్ట్‌లో మండలితో మాట్లాడే వారాలూ పనిలో భాగమే. వాటిని ఉచితంగా చేస్తే మీకు అసహనం వస్తుంది, ఆ అసహనం ముఖంలో కనిపిస్తుంది.

స్టుట్‌గార్ట్‌కు ఆ రెండు పేజీలు ఈ వారమే పంపండి. నగోయాకు ఏ3 కాగితం తయారయ్యాక వెళ్లండి. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా, మళ్లీ ఆగస్టు మధ్యలో, చనిపోయిన పెద్దలను తలుచుకునే ఓబోన్ పండుగ రోజుల్లో అక్కడి కర్మాగారాలు సాధారణంగా మూసే ఉంటాయి. ఏప్రిల్ 1న చాలా కంపెనీల్లో బదిలీలు జరుగుతాయి, మీ లోపలి మనిషి వేరే విభాగానికి వెళ్లిపోవచ్చు. టికెట్టు కొనేముందు ఆయన ఇంకా అదే కుర్చీలో ఉన్నారో లేదో కనుక్కోండి.